జుఫైర్ దారి

బుసైతీన్‌లో పక్కపక్క అరబ్బు ఇళ్ళ డాబాల మీద ఇద్దరు పనిమనుషులు పిట్టగోడకు అటూ ఇటూ బట్టలు ఆరేస్తున్నారు. చిన్నదాన్ని రెండేళ్ళకని తెచ్చుకున్న కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, నాలుగేళ్ళయినా ఇంటికి పంపడం లేదు.

“పిన్నీ, మా మేడమ్ కూతురికి బళ్ళో చెప్పారంట. యుద్ధం జరుగుతుండగానే అమెరికా ప్రెసిడెంటు లింకన్ ఆర్డరేసి బానిసల్ని విడిపించాడంట.”

“నీకూ కబురెట్టాడా?”

“నవ్వకు. యజమానులు వదల్లేదంట. పారిపోయి ఆయన సైన్యాన్ని చేరినోళ్ళకే విడుదలంట.”

“తాతలనాటి మాటే అది.”

“ఆ ఆర్డరు రద్దు చేశారా?”

“ఎందుకు చేస్తారూ?”

“మొన్న కువైట్ యుద్ధానికొచ్చిన అమెరికా సైన్యం వంతెన అవతల జుఫైర్‌లోనే ఉందిగా!”

పెద్దామె గొంతు తగ్గించింది. “పిచ్చిదానా! అది వాళ్ళ దేశంలో వాళ్ళకే. ఇక్కడ చెల్లదు. గేటు దగ్గరే పట్టుకుని మీ కఫీల్‌కి అప్పజెప్తారు.”

“చెల్లకపోతే ఆ మాట వాళ్ళనే చెప్పనీ. మా అమ్మ పోతేనే పంపలేదు పిన్నీ. ఇంకెప్పుడు పంపుతాడు?”

పెద్దామె కిందికెళ్ళే మెట్లవైపు ఓసారి చూసింది. తీగ మీద నుంచి తన యజమానురాలి ఒళ్ళంతా కప్పే నల్ల అబాయా లాగి గోడ మీదుగా అందించింది.

“తడిగా ఉంది పిన్నీ.”

“ఒంటిమీదే ఆరుద్దిలే. వంతెన దాటాక సముద్రం ఎడంచేతి వైపు ఉంచుకుని నడువు. ఆ ఆర్డరు సంగతి అడిగేటప్పుడు మాత్రం ఏడవకు.”