సూరీడమ్మ గిలక

ఆ తుమ్మల పక్కనున్న పాడుబావి దగ్గరికి పోవద్దని ఎన్నిసార్లు చెప్పాలర్రా మీకు? పెద్దాళ్ళే పొద్దు వాలితే ఆ దారి తొక్కరు, మీకేమో అక్కడే ఆట. సరే కూర్చోండి, ఆ ఫోను కింద పెట్టరా సత్తిగా, చెప్తున్నా కదా. ధనాలూ, నువ్వు ఆ గోడకి ఆనుకో తల్లీ, నెలలు నిండిన మనిషివి. పొట్టలో బిడ్డతో మాట్లాడుతుంటే నీ ఆడపడుచు నవ్విందటగా? నవ్వనీ, దానికేం తెలుసు?

అప్పుడది పాడుబావి కాదు, సూరీడమ్మ వాళ్ళ పెరటి బావి. సూరీడమ్మకి తొలిచూలు. ఇంటెడు చాకిరీ, కాసేపు కూర్చునే వీలు లేదు, అందుకని సాయంత్రం నీళ్ళు తోడుతూనే కడుపులో బిడ్డతో కబుర్లు. ఇనప గిలక కిర్రు కిర్రుమంటుంటే, ఇదిగో అమ్మా, ఈ చేదతో అయిపోయింది, ఇక బజ్జుందాం అనేదట, లోపల తన్నులాట ఆగిపోయేదట. అత్తగారు అచ్చియ్యమ్మేమో, కడుపుతో ఊసులేంటే, పిచ్చి పట్టిందా అని ఒకటే సణుగుడు. చివరికేమైంది? పురిట్లోనే పోయింది సూరీడమ్మ. బిడ్డ మొహమైనా చూసుకోలేదు.

ఇక ఆ పసిగుడ్డు ఏడుపు మొదలెట్టింది చూడండీ, మేకపాలు వద్దు, జోల వద్దు, ఎవరెత్తుకున్నా వద్దు, ఒకటే గుక్క. అలా ఏడ్చి ఏడ్చి పొద్దుగూకేసరికి, బావి దగ్గర గిలక కిర్రు కిర్రుమనేది. తాడు లేదు, మనిషి లేదు. అది వినగానే పిల్ల ఠక్కున ఊరుకుని, పాలు తాగి నిద్రపోయేది. పోనీలే, బాగానే ఉంది కదా అనుకోవాలా వద్దా? అబ్బే! పురిట్లో పోయిన మనిషి బిడ్డ కోసం వస్తోంది, పిల్లని పట్టుకుపోతుంది అని ఊరంతా గోల. ఒక మంత్రగాడొచ్చి, దెయ్యం దాటకుండా బావి నుంచి గుమ్మం దాకా ఆవాలు చల్లించి, గిలక ఊడబీకించి అటక మీద పడేయించాడు. పోతూ పోతూ కోడిని కూడా పట్టుకుపోయాడు, ఆ సంగతి వేరే.

గిలక ఆగింది, పిల్ల పాలు తాగడమూ ఆగింది. చెంచాతో పోస్తే కక్కేసేది, ఏడవడానికి ఓపిక లేక మూలిగేది. ఇక దక్కదన్నారు అందరూ. అప్పుడు అచ్చియ్యమ్మకి ఏడుపొచ్చిందో కోపమొచ్చిందో, అటక మీంచి గిలక లాగి, పిల్లని భుజాన వేసుకుని, ఆవాలన్నీ కాలితో తన్నుకుంటూ బావి దగ్గరికి పోయి, గిలక తగిలించి అరిచిందట. ఇదిగో సూరీడూ, చచ్చినా సరే నీ పిల్లని నువ్వే చూసుకో, అది నీ మాటే వింటోంది, నా వల్ల కాదే తల్లీ అని అక్కడే కూలబడిందట. గిలక మెల్లగా తిరిగింది. పిల్ల మూలుగు ఆపి నోరు చప్పరించింది. అచ్చియ్యమ్మ కళ్ళు తుడుచుకుని అక్కడే కూర్చుని పాలు పట్టింది.

ఆ తర్వాత ఆ బావిలో ఎవరూ నీళ్ళు తోడలేదు, అలాగే పాడుపడింది. పిల్ల బతికిందా అని అడుగుతారేంటర్రా? బతక్కపోతే మీ మీద ఇలా అరిచేదెవరు? ఆ పిల్లని నేనే. పళ్ళన్నీ ఊడిపోయాయి, అయినా ఈ రోజుకీ ఆ చప్పుడు వింటేనే నాకు కన్ను మూతపడుతుంది. నిన్న పడలేదు. ఎందుకు పడలేదో మీలో ఒకడికి తెలుసు. పాత ఇనుము వాడికి అమ్మడానికి పీకావో, ఆటకి పీకావో నాకనవసరం, కొట్టను, తిట్టను. ఇంకా వెలుగుంది, ఇప్పుడే పోయి ఆ గిలక తగిలించి రా.

ఇకమీదట సాయంత్రం ఎవరూ అటు పోకండి. అక్కడ మా అమ్మ నన్ను నిద్రపుచ్చుతుంటుంది. మధ్యలో పోయి అల్లరి చేశారంటే, నేనూరుకున్నా ఆవిడ ఊరుకోదు.