అంతయ్యకు కుట్టిన పర్సు

మందమర్రిల బొగ్గుబాయి గేటు ముంగట దేవదాస్ చాయి హోటలు. నిరుడు రిటైరైన ఇస్తారి రోజూ మొదటి షిఫ్టు ఇడిచే యాళ్లకు ఆడికే వస్తడు. నోరు తెరిచిండంటే గిన్నెల చాయి ఒడిసినంకనే మూసేది. ఆ పొద్దు కొత్తగ డ్యూటీల చేరిన కరుణాకర్ చాయి తాగి జేబులకెళ్లి పర్సు తీసిండు. ఇస్తారికి దొరికిపోయిండు.

"గిదేం పర్సురా? అట్టముక్క లెక్కుంది. నేను కుట్టిన పర్సు చూస్తే నువ్వు దీన్ని మోరీల పారేస్తవు. మాది ఖానాపూర్. మా బాపు చెప్పులు కుట్టేది. ఆరె పట్టి తోలుకు పొక్క పొడిచిండంటే సూది దానంతట అదే దారి ఎతుక్కుంట పోయేది. నేను బాయి పనికొచ్చిన గని, చెయ్యి మాత్రం మా బాపు చెయ్యే. మా అంతయ్యన్న ఉండె, నా జోడి. ఇరవై రెండేండ్లు ఒక్కటే షిఫ్టు, ఒక్కటే జాగ. బిడ్డ ఫోటోను ప్లాస్టిక్ కవర్ల చుట్టి జేబుల పెట్టుకునేది. చెమటకు ఫోటో ఖరాబైతుంది తమ్మీ, ఒక పర్సు కుట్టియ్యరాదు అన్నడు. గా ఒక్క మాటకు కూసున్న."

"ఒక్క పర్సుకే ఇంత కథనా అన్నా?" కరుణాకర్ నవ్విండు.

"ఒక్కటా? మూడు! మొదటిది బర్రెతోలు. గట్టిగుండాలె అని కుట్టిన, ఇటుక లెక్కయింది. జేబుల పెట్టుకుంటే మా అన్న ఒక దిక్కుకు ఒరిగి నడిచేది, చూసినోళ్లు పక్షవాతం అనుకున్నరు. సరే, అది పక్కకు పెట్టి మేకతోలు తెచ్చిన. దారానికి మైనం రాసిన, రెండు సూదులు పట్టి ఇటుకెల్లి ఒకటి, అటుకెల్లి ఒకటి, ఒక్క పొక్కల రెండు దారాలు దాటేటట్టు కుట్టిన. గది బాయిల నీళ్ల గుంటల పడ్డది. వారం దినాలు ఎతికినం. తీసి చూస్తే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? లోపట సుక్క నీళ్లు లెవ్వు! ఫోటోల పిల్ల అట్లనే నవ్వుతుంది!"

"వారం దినాలా!"

"తొమ్మిది అనుకో. గని దాని అంచు నాకు నచ్చలే. తోలు అంచు గరుకుంటే ఎన్నటికైనా ఇచ్చుకపోతది. మూడోది మొదలువెట్టిన. అంచును గాజుసీసతోటి రుద్దిన, రుద్దిన, ఈగ వాలితే జారిపడేది. మా ఇంటిది దాంట్ల చూసుకొని బొట్టు పెట్టుకునేది. మేనేజరు సాబు జీపు ఆపి, ఇస్తారీ, జర నాకొకటి కుట్టవా అంటే, లే సార్, గీ చెయ్యి మా అన్నకే అన్న. ఒకనాడు లోపట తాడు తెగి బొగ్గు టబ్బులు ఎనుకకు ఉరుకుతున్నయి. పరేషాన్! అప్పుడు మా అన్న పర్సుల మిగిలిన దారం జానెడు గుంజి ముడేసిండు. పదకొండు టబ్బులు, ఆడికాడనే నిలవడ్డయి!"

బెంచీలన్ని నవ్వినయి. దేవదాస్ మాత్రం నవ్వలే. తల వంచుకొని గిలాసలు కడుగుతుండు.

"నవ్వుండ్రి, నవ్వుండ్రి. అసలు సంగతి ఇనుండ్రి. ఆరేండ్ల కింద లోపట కప్పు కూలిందా? ఇనే ఉంటరు. మూడు వందల ఫీట్ల రాయి దిగుతుంది. సపోర్టులు పుల్లల్లెక్క ఇరుగుతున్నయి. అందరు ఉరుకుండ్రి అంటున్నరు. మా అన్న నిమ్మలంగ జేబుల చెయ్యి పెట్టిండు, పర్సు తీసిండు, నిలువుగ నిలవెట్టిండు. కిర్రుమన్నది. ఆగింది! నేను కుట్టిన ఒక్క కుట్టు ఊడలే! రాయి పైన, పర్సు కింద, నడుమ మా అన్న. దుమ్ము దులుపుకొని మెట్లెక్కి బయటికొచ్చిండు, బీడీ ముట్టిచ్చిండు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది కాకా?"

పొయ్యి ఎనుకకెల్లి వచ్చింది ఆ గొంతు. చంకల హెల్మెట్ పెట్టుకొని, చేతుల చాయి గిలాసతోటి నవత నిలవడ్డది. అంతయ్య బిడ్డ. బాపు నౌకరి ఆమెకొచ్చి మూడు దినాలాయె. ఇస్తారి ఆమెను చూడలే.

"బయటికొచ్చినంక మా బాపు ఎటు పోయిండు? ఇంటికైతే రాలే."

ఇస్తారి తలకాయ తిప్పి పొయ్యి దిక్కు చూసిండు.

"బాపు జేబుల దొరికినయి మాకిచ్చిండ్రు కాకా. ప్లాస్టిక్ కవరే ఉండె. పర్సు లేకుండె. మొన్న మస్టరు ఆఫీసుల ఆ దినం డ్యూటీకొచ్చినోళ్ల పేర్లు చూసిన. నీ పేరు లేదు."

కరుణాకర్ లేవబోయి మళ్ల కూసున్నడు.

"నాగా పెట్టిన బిడ్డా," ఇస్తారి అన్నడు. ఆ గొంతు ఇంతసేపు కథ చెప్పిన గొంతు కాదు. "మూడో పర్సు అంచు కుదురుతలేదు. ఇయ్యాల రుద్దుతే అయిపోతదని నాగా పెట్టిన. పొద్దుగాల మీ బాపు మా ఇంటికి పిలువొచ్చిండు. పర్సు చేతుల పట్టుకొని, మంచిగనే ఉంది కదరా, ఇచ్చెయ్ అన్నడు. నేనే గుంజుకున్న. రేపిస్త పో అన్న. నవ్వుకుంట పోయిండు. కప్పు కూలే ముంగట చప్పుడైతది. నాకు తొందరగ ఇనవడేది, ఆయనకు ఒక చెవు తక్కువ. నేనుంటే..."

నవత చాయి తాగలే, గిలాస పక్కకు పెట్టింది.

"మా అవ్వకు చెప్పినవా?"

"లే. ఆరేండ్లసంది మీ గల్లీలకే వస్తలే."

"నేను చెప్ప. నువ్వే చెప్పాలె. పా."

కాలనీ దాక నడిచిండ్రు. అంతయ్య పెండ్లాం ఎల్లక్క వాకిట్ల పప్పు చెరుగుతుంది. ఇస్తారిని చూసి చాట కింద పెట్టింది.

"వదినా, ఆ దినం నేను డ్యూటీకి పోలే," అన్నడు. మిగతాది నిలవడే చెప్పిండు. పర్సు, అంచు, పిలువొచ్చుడు. ఈసారి ఏదీ పెంచలే.

తిడుతదని ఇస్తారి తల వంచుకొని నిలవడ్డడు. ఆమె ఇంకోటి అడిగింది.

"నీ దగ్గరికొచ్చినప్పుడు కోపంల ఉండెనా?"

"ఎందుకు వదినా?"

"పొద్దుగాలనే నాతోటి కొట్లాడిండు. నేను నోటికొచ్చింది అన్న. చాయి సుత తాగకుంట పోయిండు. గా కోపంతోటే బాయి దిగిండని ఆరేండ్లసంది..." ఆమె ఆగింది. "నిజంగ నవ్వుకుంట పోయిండా?"

"నవ్వుకుంటనే పోయిండు. గేటు తీసినంక సుత మళ్లి చూసి నవ్విండు."

"ఇస్తారీ, గిది కోత కాదు గదా?"

"కాదు వదినా."

ఎల్లక్క ఆయన మొఖం దిక్కు చూసింది. నమ్మింది. కొంగు నోట్లె కుక్కుకొని గడప మీద కూలవడ్డది. నవత పోయి పక్కన కూసున్నది. ఇస్తారి వాకిట్లనే కింద కూసున్నడు.