ఒక్క కంప్లైంటూ లేని స్టేడియం

మధ్యాహ్నం మూడున్నరకి మాదాపూర్‌లో మెట్రో పిల్లర్ పక్కన, జయమ్మ టీ బండి దగ్గర మా టీమ్ అంతా నిలబడి ఉన్నాం. నాలుగింటికి మీటింగు. ఎనిమిదిమందిలో ఇద్దరే ఉంటారని, మిగతా పని ఇక చాట్‌బాట్ చేస్తుందని వారం నుంచీ తెలుసు. ఆ ఇద్దరూ ఎవరో ఆ మీటింగులో చెబుతారు.

మా పని విదేశాల్లో ఫుట్‌బాల్ టికెట్లు అమ్మే ఒక కంపెనీకి వచ్చే కంప్లైంట్లు చదివి, జవాబులు రాయడం. అందరిలోకీ పెద్దవారు భీమేశ్వరరావుగారు. ధవళేశ్వరం మనిషి. యాభై రెండేళ్లు, అందులో పదకొండేళ్లు మా ఆఫీసులో ఒకే కుర్చీలో. ఫ్యాన్లకి ఏ స్టేడియం అన్నిటికంటే మంచిది, ఏది చెడ్డది అని క్లయింటు నలభై స్టేడియాలకి వరస అడిగితే, ఆ జాబితా ఆయనే తయారుచేసి ఆ పొద్దున పంపించారు. ఆయన ఉంటారో పోతారో ఆ జాబితాని బట్టే ఉంటుంది. అది ఆయనకీ తెలుసు. అందుకే రోజూకంటే ఎక్కువ మాట్లాడుతున్నారు.

"నాకేం భయం లేదయ్యా. పదకొండేళ్లు. నా మీద ఒక్క కంప్లైంట్ చూపించండి, ఈ గ్లాసు ఇక్కడ పెట్టి ఇట్నుంచిటే చందానగర్‌లో మా ఇంటికి వెళ్లిపోతాను. పొద్దున జాబితా పంపానా, పన్నెండింటికల్లా క్లయింటు జవాబు. 'థాంక్యూ బెన్' అని, పక్కన నవ్వుతున్న బొమ్మ. పదకొండేళ్లలో నాకు నవ్వుతున్న బొమ్మ పెట్టడం ఇదే మొదటిసారి. ఎందుకు పెట్టారు? చూసినవాడు రాసింది కాబట్టి. మిగతావాళ్లు కంప్లైంట్లు లెక్కపెట్టి రాస్తారు. నేను వెళ్లి కూర్చుని రాశాను."

బెన్ అంటే ఆయనే. భీమేశ్వరరావు అంటే క్లయింటుకి నోరు తిరగదని చేరిన రోజే ఆ పేరు పెట్టారు.

"ఎన్ని చూసిన్రు సార్?" అని అడిగాడు ప్రవీణ్. బోరబండ కుర్రాడు, టీమ్‌లో చేరి నాలుగు నెలలైంది.

"నలభైకి నలభై. పేర్లు మాత్రం అడక్కు. బయట చెప్పబోమని సంతకాలు పెట్టాం కదా, ప్రాణం పోయినా చెప్పను. ఓసారి ఒక పెద్దాయన మెయిలు పెట్టాడు, డెబ్భై ఎనిమిదేళ్లు. ఆయన సీటు ముందు స్తంభం. సగం గ్రౌండే కనిపిస్తోందట. నాలుగు మెయిళ్లు కొట్టి సీటు మార్పించాను. అంతే, చిన్న పని."

"అది నిజమే. ఆ కేసు నాకు గుర్తుండాది," అంది కావ్య. కడప అమ్మాయి, మా టీమ్ లీడ్. వయసులో ఆయనకంటే ఇరవై ఏళ్లు చిన్న.

"చూశారా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ పెద్దాయన నాకు విమానం టికెట్ పంపాడు, నువ్వే వచ్చి చూడవయ్యా అని. శుక్రవారం సాయంత్రం వెళ్లి సోమవారం పొద్దున లాగిన్ అయ్యాను, మీరెవరూ పసిగట్టలేదు. వెళ్లి ఆ సీట్లో కూర్చున్నాను. ఇదిగో, ఈ మెట్రో పిల్లరంత ఉంది స్తంభం. బంతి ఎడమకి వస్తే కనబడుతుంది, కుడికి పోతే పక్కవాళ్ల మొహాలు చూసి ఊహించుకోవాలి, గోలు పడిందా, పడితే ఎవరికి పడింది అని. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి నలభై ఏళ్లుగా డబ్బిచ్చి ఇలా చూస్తున్నాడా అని నాకు ఒళ్లు మండింది. మా ఊళ్లో రథం కదలకపోతే ఏం చేస్తారు? భుజం ఆనించి గోవిందా అని ఒక్క ఊపు ఊపుతారు. నేనూ అదే చేశాను. నాలుగడుగులు జరిగింది."

"మరి స్తంభం మీదున్న పైకప్పో సార్?" అంది కావ్య.

"రెండో సగమంతా నా భుజం మీదే ఉందమ్మా. ఆ రిఫరీకి దయాదాక్షిణ్యం లేదు, ఆట అయిపోయాక పైన పదకొండు నిమిషాలు ఆడించాడు. ఈ భుజం నొప్పి మౌస్ పట్టుకోవడం వల్ల అనుకుంటోంది మా ఆవిడ పద్మావతి. దానికేం తెలుసు."

"నేను చెప్పిన నూనె రాస్తున్నవా సారూ?" అంది జయమ్మ పాలు పొంగకుండా మంట తగ్గిస్తూ.

"రాస్తున్నా, రాస్తున్నా. ఇంకో దేశంలో ఇంకోటి ఉంది. టికెట్ మీద వరస ఎనభై ఆరు అని ఉంటే మామూలే అనుకున్నాను. ఇడ్లీ తిని ఎక్కడం మొదలుపెడితే యాభయ్యో వరసకి భోజనం వేళయింది. అరవై దాటాక మంచు. డెబ్భయ్యో వరస దగ్గర నా కాళ్ల కిందనుంచి విమానం వెళ్లింది, కిటికీలోంచి ఒక పాప చెయ్యి కూడా ఊపింది. పైకెళ్లి కూర్చుంటే ఆటగాళ్లు ఆవగింజల్లా ఉన్నారు. అంతలో ఒకడు గోలు కొట్టాడు. అది ఆఫ్‌సైడు, గోలు చెల్లదని అరిచాను. నా అరుపు గ్రౌండులోకి చేరేసరికి వచ్చే ఆదివారం అయింది. అప్పుడు ఆడుతున్నవి వేరే టీములు. పాపం, వాళ్ల గోలు రద్దయింది."

మేం నవ్వాం. ఆయన నవ్వలేదు. గ్లాసులో టీ చల్లారుతున్నా తాగడం లేదు.

"నవ్వండి. ఆ ఎనభై ఆరో వరసవాడు నాకేం రాశాడో తెలుసా? కుర్చీ మెత్తగా లేదట. దానికి ఐదు వందల మాటల మెయిలు. నేను పదకొండేళ్లుగా చందానగర్‌లో లోకల్ రైలెక్కి హైటెక్ సిటీ దాకా ఒంటికాలి మీద వస్తున్నాను. నేనెవరికి రాయను? 'మీకు కలిగిన అసౌకర్యానికి మిక్కిలి చింతిస్తున్నాం' అని రోజుకి తొంభైసార్లు చింతించాను. మా నాన్న పోయినప్పుడు కూడా అంత చింతించలేదయ్యా, సెలవు రెండు రోజులే ఇచ్చారు."

జయమ్మ మా ఖాళీ గ్లాసులు తీసుకుంది. ఆయనే మళ్లీ అందుకున్నారు.

"సరే, అదలా ఉంచండి. పైకప్పు నిండా చిల్లులున్న స్టేడియం ఒకటుంది. ఆగస్టులో వెళ్లాను. వాన. పదిహేడో వరస దాకా నీళ్లు. నేను పద్దెనిమిదిలో ఉన్నాను. ఆ నీళ్లలో ఎదురీదుకుంటూ, మెట్టు మెట్టూ ఎక్కి నా కాళ్ల దగ్గరికి ఏం వచ్చిందనుకున్నారు? పులస. గోదావరి మనిషి ఇక్కడున్నాడని దానికి ఎవరు చెప్పారో."

"వండిన్రా?" అన్నాడు ప్రవీణ్.

"వండకుండా వదులుతామా? కానీ మధ్యలో వాళ్లిచ్చే విరామం పదిహేను నిమిషాలే. పులస పులుసు పదిహేను నిమిషాల్లో అవుతుందా? అందుకని రెండో సగం గంటన్నర ఆలస్యంగా మొదలుపెట్టించాను. రెండు టీముల గోల్‌కీపర్లూ కంచాలు పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చున్నారు. ముళ్లు తీసుకోవడం రాదు వాళ్లకి, నేనే తీసి పెట్టాను."

"ఇంత చేసినా అది చెడ్డదేనా సార్?" కావ్య అడిగింది.

"అది నయం. అన్నిటికంటే చెడ్డది, నా జాబితాలో నలభయ్యోది, వేరే ఉంది. ఈ రెండేళ్లలోనే దాని మీద నాలుగు వేల కంప్లైంట్లు. అంతకుముందు ఏడాదికి రెండొందలు రావడం గగనం. ఏమొచ్చిందో తెలీదు, ఉన్నట్టుండి జనం విరగబడ్డారు. బాత్రూమ్ లైను చూశానూ, తల తిరిగింది. సరే అని నిలబడ్డాను. నా ముందు ఒక కుర్రాడు. పక్కన ఆడవాళ్ల లైన్లో ఒక పిల్ల. చూపులు కలిశాయి. మొదటి సగం అయ్యేసరికి నిశ్చితార్థం అయింది. పెళ్లికి అబ్బాయి వైపు పెద్దగా నేనే నిలబడ్డాను, లైన్లోంచి కదిలితే వంతు పోతుందని ఉన్నచోటే తలంబ్రాలు పోయించాను. తలుపు కనపడే దూరానికి వచ్చేసరికి చంకలో బిడ్డ. ఆ బిడ్డకి నడక వచ్చి వాడూ లైన్లో నిలబడ్డాడు. వాడి వంతు ఇంకా రాలేదు."

"మీ వంతు వచ్చిందా సారూ?" జయమ్మ అడిగింది.

"నా వంతు ఎక్కడ వస్తుందమ్మా," అన్నారు ఆయన. ఆ మాట కోతలా లేదు.

కావ్య ఫోను చూసుకుని, ఇంక పది నిమిషాలే ఉందని చెప్పింది. ఆయన విననట్టే ఉన్నారు.

"మంచిది ఒకటే ఉంది. అది చెప్పి పైకి వెళదాం. పొగిడేదానికి రహస్యమేమిటి, ఆ స్టేడియం పేరు కూడా చెప్పేస్తున్నాను. హాల్టన్ రోడ్డు. నా జాబితాలో మొట్టమొదటిది. రెండేళ్లలో ఒక్క కంప్లైంట్ లేదు. ఒక్కటంటే ఒక్కటి. నా పదకొండేళ్లలో అలాంటి చోటు ఇంకోటి చూడలేదు. మొదట నమ్మలేదు. షీటు నాలుగుసార్లు తిరగేశాను. సున్నా. ఏముందో అక్కడ చూద్దామని మొన్న మార్చిలో వెళ్లాను.

"వెళితే ఏమైందో తెలుసా? గేటు దగ్గర లైన్లేదు. తోపులాట లేదు. బాత్రూములు తళతళ. స్తంభాలు లేవు, అరవై వేలమందికీ అరవై వేల ముందు వరసలు. దాహం వేస్తుందేమో అనుకునేలోపు చేతిలో టీ, అచ్చం మన జయమ్మ టీ, అల్లం ఘాటు కూడా అంతే. కూర్చుంటే కుర్చీ నడుం నొప్పి ఎక్కడుందో కనుక్కుని అక్కడే నొక్కుతుంది. నేను అలవాటు ప్రకారం నిలబడే ఉన్నాను. అప్పుడు అరవై వేలమందీ లేచారు. ఆట ఆగిపోయింది. ఇరవై రెండుమంది ఆటగాళ్లూ నా వైపు తిరిగారు. అందరూ కలిసి ఏమన్నారో తెలుసా? 'భీమేశ్వరరావుగారూ, కూర్చోండి' అన్నారు. బెన్ అనలేదు. గారూ అన్నారు, పొల్లు పోకుండా. పదకొండేళ్లు మా బాధలు విన్నారు, ఇవాళ మీరు కూర్చోండి, మేం నిలబడతాం అన్నారు. నేను కూర్చున్నాక గానీ ఆట మొదలుపెట్టలేదు."

ఎప్పుడూ ఈపాటికి ఎవరో ఒకరు ఎగతాళి చేస్తారు. ఈసారి ప్రవీణ్ తల వంచుకుని బూటుతో రాయి దొర్లిస్తున్నాడు.

"ఏమయ్యా ప్రవీణ్, నమ్మకం లేదా?"

"ఏం లేదు సార్. ఇగ పోదాం పాండి."

"లేదు, చెప్పు. మొహం అలా పెట్టావేం? మిగతా ముప్పైతొమ్మిదీ అబద్ధమనుకో, ఇది మాత్రం నిజం. లెక్క ఉంది నా దగ్గర. సున్నా."

ప్రవీణ్ మా అందరి మొహాలూ చూశాడు. "సార్, హాల్టన్ రోడ్డు నా ఫుట్‌బాల్ టీమ్‌ది. చిన్నప్పటిసంది గదే టీమ్ నాది. బోరబండల మేం ఐదుగురం ఉన్నం, మ్యాచ్ ఉంటే ఒక్క ఫోన్ల జూస్తం." ఫోను తీసి ఆయన ముందు పెట్టాడు. బురద, రెండు క్రేన్లు, ఒక మూల విరిగిన కుర్చీల కుప్ప. "ఇగో. కూలగొట్టి రెండేండ్లాయె. కొత్తది కడ్తున్నరు. గందుకే కంప్లైంట్ లేదు సార్. పెట్టనీకి మనిషి ఉండాలె గదా."

"మరి ఆట ఎక్కడ ఆడుతున్నారు?" కావ్య గొంతు తగ్గించి అడిగింది.

"పక్క ఊర్ల కిరాయి గ్రౌండ్ల. ఆ ఊరి టీమూ గండ్లనే, మావోళ్లూ గండ్లనే." ఒక్క క్షణం ఆగాడు. "ఆ నలభయ్యోదాని కంప్లైంట్లు నేనూ చదివిన. సార్ చెప్పిన బాత్రూమ్ లైన్ల నిలవడ్డది మావోళ్లే."

భీమేశ్వరరావుగారు ఫోను చేతిలోకి తీసుకుని ఆ బొమ్మని రెండు వేళ్లతో పెద్దది చేసి చూశారు. కుర్చీల కుప్ప దగ్గర ఆగారు. మంచిదని ఆయన రాసింది మట్టిదిబ్బ. అన్నిటికంటే చెడ్డదని రాసింది, ఇల్లు లేని జనాన్ని రెండేళ్లుగా పెట్టుకుని సాకుతున్న చోటు.

"ఇప్పుడే ఒక మెయిల్ కొడదాం సార్, పొరపాటైందని. నేను కొడతా," అంది కావ్య.

"పన్నెండింటికే చూశారు కదమ్మా," అన్నారు ఆయన ఫోను తిరిగిచ్చేస్తూ. "నవ్వుతున్న బొమ్మ పెట్టారు."

టీ గ్లాసు తాగకుండానే బండి మీద పెట్టేశారు. మెడలో ఐడీ కార్డు తిరగబడి ఉంటే సరిచేసుకున్నారు. రోడ్డు దాటుతుంటే ప్రవీణ్ ఆయన పక్కకి వెళ్లి, "తప్పుగ అనుకోకుండ్రి సార్," అన్నాడు.

"నువ్వేం తప్పు చేశావయ్యా," అన్నారు ఆయన. లిఫ్టు దగ్గర మా ఎనిమిదిమందిమీ నిలబడ్డాం. పైన అంతస్తుల నంబర్లు ఒక్కొక్కటీ తగ్గుతున్నాయి. ఆయన వాటినే చూస్తూ, కోతల గొంతు కాకుండా, లెక్క సరిచూసుకుంటున్నట్టు అన్నారు.

"పదకొండేళ్లలో నా మీద కూడా ఒక్క కంప్లైంట్ లేదు."