ఇద్దరికీ ఒకే మంచం

అమీర్‌పేట హాస్టల్లో ఆ ఇద్దరికీ కలిపి ఒకటే మంచం. రాత్రిళ్లు పంజాగుట్ట చీరల షాపు సేల్స్‌మన్ పడుకుంటాడు, పగలు సెక్యూరిటీ గార్డు పడుకుంటాడు. ఆ ఉదయం గార్డు డ్యూటీ దిగి వచ్చేసరికి మంచం ఖాళీ కాలేదు.

"ఏందన్నా, ఇంక లేవలే?"

"జ్వరం తమ్ముడూ. షాపుకి ఫోన్ చేస్తే సెలవిచ్చారు."

"అయ్యో, ఒళ్లు మస్తు కాల్తున్నది. గోలి ఏసుకున్నవా?"

"వేసుకున్నాను. నువ్వు రాత్రంతా నిలబడి వచ్చావు, ఇప్పుడెలా?"

"నేను కింద పండుకుంట తియ్యన్నా."

"కింద పడుకుంటే వార్డెన్ ఇంకో మనిషి అద్దె అడుగుతాడు. పోయిన నెల చూశాంగా."

"నీకు జీతం పెంచిన్రంటివి గదా. ఇగ మంచం మొత్తం నువ్వే తీస్కుంటవనుకున్న."

"నేనూ అనుకున్నాను. ఈలోపు హాస్టల్ వాళ్లూ పెంచారు. మొత్తం తీసుకుంటే ఇంటికి పంపడానికేమీ మిగలదు."

"నాకు సుత అంతే."

"ఆ చొక్కా ఇటివ్వు."

"ఎటు పోతవ్? సెలవిచ్చిన్రంటివి!"

"షాపుకే. సెలవిచ్చారు గానీ, ఎక్కడుండను?"

"గింత జ్వరంతోనా?"

"నువ్వు పడుకో తమ్ముడూ. రాత్రికి నువ్వు డ్యూటీకి వెళ్లాకే వస్తాను."