నాలుగు వందల పది

ఎన్నికలకు వారం ముందు, జమ్మలమడుగులో ఒక నాయకుడి వేలికి సూది గుచ్చి కాంపౌండరు చిన్న మిషనుతో చక్కెర చూస్తున్నాడు.

"దీనికెట్ల తెలుస్తాది?"

"పట్టీ మీద ఎంజైము ఉంటాదప్పా. అది నెత్తుట్లో చక్కెరనే పట్టుకుంటాది. దాంతో రవ్వంత కరెంటు పుడ్తాది. మిషను దాన్ని అంకె చేసి సూపిస్తాది. నూటా నలబై, బాగుండాది."

"పాత అంకెలు గూడ ఉంటాయా?"

"టైముతో సహా ఉంటాయి."

"ఇట్లియ్యి, సూస్తా. నిన్న సాయంత్రం అయిదుకు నాలుగు వందల పది అని ఉండాదే. నాది రెండొందలెప్పుడూ దాటలేదు. అంత చక్కెర ఈ ఊర్లో నా ఎదుటి పార్టీవానికే ఉండాది."

"పిలిస్తే పోకుంటే బతకనిస్తాడా అప్పా?"

"నేను రాత్రిళ్లు యాడ పండుకుంటానో అడిగినాడా?"

"అడిగినాడు. నేనేం చెప్పలేదప్పా, ఒట్టు."

"మంచిది. అయితే ఈ రాత్రి నా మంచం మీద నువ్వు పండుకో."