పుంటికూర మూట

తాండూరు నుంచి పెద్దేముల్ పోయే షేర్ ఆటోలో, దారిలో చేను దగ్గర ఎక్కిన ఇద్దరు తోడికోడళ్ళు నా ఎదురుగా కూర్చున్నారు. చిన్నామె ఒడిలో పుంటికూర, అదే గోంగూర మూట ఉంది. ఇంట్లో వంట నేనే చేసుకుంటాను గనుక నా చెవి అటే పోయింది.

"మీ బావ నా వంట ఇడిసిపెట్టి రోజూ మాపటికి నీ ఇంట్లనే తింటుండట గదా, చెల్లె?"

"డాక్టర్ మటన్ తగ్గియ్యమన్నడట, అక్కా. గొర్లను దొడ్లకు తోలి, మా ఇంట్ల జొన్నరొట్టె, పుంటికూర తింటుండు."

"గొర్లు కాసే ఇంట్ల పుట్టి తనే ఆకులు మేస్తుండా! నా మటన్ కూరకు ఊరంత లొట్టలేస్తది."

"నువ్వు గూడ పుంటికూర వండరాదు?"

"వండిన. నీ కూరను మించాలెనని జర మటన్ బొక్కల రసం పోసిన."

"పుంటికూరలనా? అయ్యో అక్కా! బావ ఏమన్నడు?"

"ఏమంటడు? 'మరదలి చేతి రుచి నీకు రాదే' అన్నడు. గా మాటకు నాకు ముద్ద దిగలే."

చిన్నామె నవ్వబోయి ఆగింది.

"గీ కూర ఇప్పుడే తెంపిన. సగం తీస్కో. కందిపప్పు ఏసి వండు, బొక్కల జోలికి పోకు."

"ఆయన మళ్ళ నీ ఇంటికే వస్తే?"

"కూర అయిపోయిందని చెప్త."

పెద్దామె సగం కూర కొంగులో కట్టుకుంది. ఊరు దగ్గరపడుతుంటే, మిగిలిన సగం వైపు చూసింది.

"అది గూడ ఇయ్యి. ఇంట్ల కూర పెట్టుకొని నువ్వు అబద్ధం చెప్పలేవు."