చల్లారిన ఇంజనుకే సమ్మతి

పంతొమ్మిది వందల తొంభై ఒకటో సంవత్సరం జూన్ మూడో తేదీన, ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాతో మా జలరవాణా కార్యాలయంలో అడుగుపెట్టిన ఒక యువకుడు, మధ్యాహ్నానికల్లా ఆ చొక్కాను ఇంజను ఆయిలుకు సమర్పించుకున్నారు. "ఇక్కడ తెల్లబట్టలు పనికిరావు నాయనా" అని నాటి పెద్ద మెకానిక్ గారు నవ్వితే, "మరక పడకుండా పని ఎలా వస్తుందండీ?" అన్నారట. నేడు పదవీ విరమణ చేస్తున్న మా ప్రధాన ఇంజను పరీక్షకులు వారే.

ద్వీపాలలోని వైద్యశాలలకూ పాఠశాలలకూ పాత మోటారు పడవలను కొని పంపడం మా విభాగపు బాధ్యత కాగా, కొనబోయే పడవ ఇంజనుకు ఎక్కడ ఏ దెబ్బ తగిలిందో ముందుగా పసిగట్టడం వారి విధి. అమ్మేవారు రంగు గురించి చెబుతుంటే వారు బోల్టుల తలలు చూసేవారు. కొత్త రంగు కింది తుప్పునూ, ఎవరో విప్పి బిగించిన గుర్తులనూ వెలికితీసేవారు. అన్నిటికంటే ముందు ఇంజనుపై అరచేయి ఆనించేవారు. అది వెచ్చగా తగిలితే, తాము రాకముందే ఎవరో దాన్ని తిప్పి సిద్ధం చేశారన్నమాట. వేడి ఇంజను తన జబ్బు దాచుకుంటుందనీ, చల్లటి ఇంజనే నిజం చెబుతుందనీ వారి సిద్ధాంతం. "చల్లారనివ్వండి" అని గట్టున చతికిలబడ్డారంటే బ్రహ్మరుద్రాదులు దిగివచ్చినా లేచేవారు కారు. రేవులో వారి అసలు పేరు మరుగునపడి 'చల్లారనివ్వండి గారు' అన్నదే స్థిరపడింది.

పరీక్షకులుగా పదోన్నతి పొందిన కొత్తలోనే వారికి గడ్డుకాలం ఎదురైంది. ఒక ద్వీపపు ఆసుపత్రి పడవ మూలపడి, రోగులు అవతలి ఒడ్డున చిక్కుకుపోయారు. అప్పటికి అమ్మకానికి దొరికిన పడవ ఒక్కటే. అది వారి శ్రీమతి గారి సొంత తమ్ముడిది. ఇంజను అద్దంలా మెరుస్తోంది. అరచేయి ఆనిస్తే వెచ్చగా ఉంది.

"బావా, నన్ను కూడా నమ్మవా?" అన్నాడు బావమరిది.

"నిన్ను నమ్ముతానయ్యా. దీన్ని చల్లారనివ్వు."

చల్లారాక ఇంజను ఎంత తిప్పినా చాలాసేపు స్టార్టవలేదు. చివరికి అందుకుని తెల్లటి పొగ కక్కింది. ఆయిలు చూసే పుల్ల బయటికి లాగితే ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగులో ఉంది. లోపలి పగులులోంచి నీళ్లు చేరుతున్నాయని తేల్చి, పడవ వద్దని అక్కడికక్కడే చెప్పేశారు. బావమరిది పడవ తాడు విప్పుకుని వెళ్లిపోయాడు.

ఇంట్లో శ్రీమతి గారు కంచం ముందు పెట్టి, "ఇక వాడు మన గడప తొక్కుతాడా?" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

"రేపు ఆ పడవలో పురిటినొప్పులతో ఒకావిడ ఎక్కుతుంది. నడినీళ్లలో ఆగిపోతే, నీ తమ్ముడి ముఖం చూసి మళ్లీ స్టార్టవుతుందా?"

ఆవిడ కళ్లు తుడుచుకుని అన్నం వడ్డించారు. వారు రేవులన్నీ గాలించి, మరో మంచి పడవ పంపేదాకా నడుం వాల్చలేదు. బావమరిది తానే ఇంజను విప్పించుకుని పగులు చూసుకున్నాడట. కానీ అభిమానం అడ్డొచ్చి, ఏళ్లు గడిచినా అక్క గడప తొక్కలేదు. ఆ బాధ వారు ఎవరితోనూ చెప్పుకోలేదు. పని మాత్రం మానలేదు. ప్రధాన పరీక్షకులైనాక కూడా ప్రతి ఇంజనుపై అరచేయి తామే ఆనించారు.

పోయిన నెల, విశ్రాంత జీవితానికని సొంతంగా ఒక చిన్న పాత పడవ కొనుక్కోవాలని వారికి ముచ్చట పుట్టింది. రేవులో ఒక నీలిరంగు పడవను చూశారు. అంతే, ఇన్నేళ్ల విద్యా గంగలో కలిసింది! బోల్టులు చూడలేదు, పుల్ల లాగలేదు. నేరుగా ఎక్కి కూర్చుని, చుక్కాని పట్టుకుని పసిపిల్లాడిలా నవ్వుతున్నారు. శ్రీమతి గారు తల పట్టుకుని, ఇక లాభం లేదని తమ్ముడికే ఫోన్ చేశారు.

తమ్ముడు వచ్చాడు. నేరుగా పడవ దగ్గరికి నడిచాడు. వంగి ఇంజనుపై అరచేయి ఆనించాడు.

"వెచ్చగా ఉంది. చల్లారనివ్వు బావా."

వారు పడవ దిగి వచ్చి, బావమరిది పక్కన గట్టుమీద కూర్చున్నారు. పొద్దు వాలేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు. ఇంజను చల్లబడింది, ఆయిలు శుభ్రంగా ఉంది, తిప్పితే ఒక్క తిప్పుకే అందుకుంది. ఆ రాత్రి తమ్ముడు అక్క ఇంట్లో భోంచేశాడు.

తొందరపడి సరేననడం తెలియని ఆ అరచేతికి మా కార్యాలయం యావత్తూ నమస్కరిస్తోంది. వారికి సంపూర్ణ ఆరోగ్యమూ, దీర్ఘాయువూ కలగాలనీ, ఆ నీలి పడవ ప్రతి ఉదయమూ ఒక్క తిప్పుకే అందుకోవాలనీ, అందులో బావమరిది కూర్చునే చోటు ఇక ఎన్నడూ ఖాళీగా ఉండకూడదనీ మనసారా కోరుకుంటున్నాం.